కొట్టేయించని లైను

మా దుకాణానికి వచ్చేవాళ్లు ముందు నన్నే చూస్తారు. చూడక తప్పదు. కౌంటరు దగ్గర కూర్చునేది నేనే, నోరు పెద్దదీ నాదే. "మొన్న ఇచ్చిన కోటు ఇవాళే కావాలా? ఏం, బీరువాలో ఇంకోటి లేదా?" అని మొదలుపెడతాను. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోతారు. నా వెనక, ఆవిరి ప్రెస్సు పక్కన, కిటికీ కింద ఒక చిన్న బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర తల వంచుకుని కూర్చున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఆమె మా మరదలు, మా తమ్ముడి భార్య. ఈ కథ ఆమెది. కానీ ఇందులో జరిగిన తప్పులో సగానికి పైగా నాది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను అడగక్కర్లేదు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా ఆయన పోయాక దుకాణం నేనే చూసుకుంటున్నాను. పిల్లల్లేరు కాబట్టి తమ్ముడినీ మరదలినీ పైకి తెచ్చిపెట్టుకున్నాను. తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఊళ్లో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని వాడి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ఇంట్లో మేం ఇరుక్కుంటే మాత్రం వాడి ఫోను కలవదు.

మరదలిది రఫ్ఫు పని. సిగరెట్టు కాల్చిన చొక్కా, పురుగు కొట్టేసిన ఉన్ని కోటు, మేకు తగిలి చిరిగిన ప్యాంటు, ఇలాంటివన్నీ ఆమె దగ్గరికి వస్తాయి. అదే బట్ట లోపలి మడతలోంచి నాలుగు పోగులు లాగి, చిరుగు మీద ముందు నిలువు పోగులు వేసి, వాటి మధ్య అడ్డపోగులు అల్లుతుంది. దారం ఆ బట్టదే కాబట్టి రంగు తేడా రాదు. పని అయ్యాక దాన్ని తెచ్చినవాళ్ల చేతిలో పెట్టి, రోజు మొత్తం మీద ఆమె మాట్లాడే నాలుగు మాటల్లో ఒకటి అంటుంది: "వెతకండి." వాళ్లు కిటికీ వెలుతురులోకి ఎత్తి చూస్తారు, తిరగేస్తారు, వేలితో తడుముతారు. దొరకదు. అప్పుడు ఆమె మొహంలో ఒక చిన్న నవ్వు వస్తుంది. ఎనిమిదేళ్లలో ఒకే ఒకసారి ఒక దర్జీ ముసలాయన కనిపెట్టేశాడు. ఆ రోజు ఆమె అన్నం ముట్టుకోలేదు.

నోట్లో నాలుక లేని మనిషి అంటారే, సరిగ్గా ఆ రకం. కొత్తలో నాకు ఒళ్లు మండేది. "ఏమే, నీతో మాట్లాడటం కన్నా ఆ ప్రెస్సుతో మాట్లాడటం నయం, అదైనా బుస్సుమంటుంది" అనేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది.

పాప పుట్టాక ఆ ప్రెస్సు పక్కనే బుట్టలో పెరిగింది. నేను కాలితో పెడల్ తొక్కగానే బుస్సుమని ఆవిరి వస్తుంది. ఆ శబ్దానికి పాప చేతులు రెండూ పైకెత్తి కేరింతలు కొట్టేది. ఏడాది నిండేసరికి తనే పెదాలు బిగించి "స్స్స్" అనడం మొదలుపెట్టింది. అందుకే దానికి బుస్సీ అని పేరు పెట్టాను. రిజిస్టర్లో ఇంకేదో పేరుంది, అది డాక్టర్లకే పనికొచ్చింది.

ఏడాదిన్నరకి బుస్సీకి నాలుగు మాటలు వచ్చాయి. పాలు, లైటు, అమ్మ, వద్దు. రెండో పుట్టినరోజు దాటేసరికి ఆ నాలుగూ పోయాయి. ఎలా పోయాయో, ఏ రోజు పోయాయో మాలో ఎవరూ చెప్పలేం. ఒకరోజు చూస్తే లేవు, అంతే. మేం అదేదో సిగ్గు అనుకున్నాం, పంతం అనుకున్నాం. మా అమ్మ బతికుండగా తమ్ముడికి మూడేళ్లకి గానీ మాటలు రాలేదని చెప్పేది, అదీ తలుచుకున్నాం. పిల్ల పిలిస్తే పలకదు. మొహంలోకి చూడదు. తెల్లగా ఉన్న తిండే తింటుంది, అన్నం, పాలు, రొట్టెలో మధ్య ముక్క. చొక్కా లోపలి కుట్లు ఒంటికి తగిలితే ఊపిరి తిరగనంతగా ఏడుస్తుంది. మరదలు ఏమీ మాట్లాడకుండా దాని బట్టలన్నీ విప్పి, కుట్లు బయటివైపుకి వచ్చేలా మళ్లీ కుట్టింది. వీధిలోవాళ్లు "పాపకి గౌను తిరగేసి తొడిగారేంటి?" అని అడిగితే "మీరు సరిగ్గా వేసుకుని ఊడబొడిచిందేమిటి?" అని నేను అడిగాను.

మూడేళ్లప్పుడు డాక్టరు చూసి ఆటిజం అన్నాడు. మా తమ్ముడు "ఎన్నాళ్లకి బాగవుతుంది?" అని అడిగాడు. ఏ భాగం పాడైందో చెబితే మార్చేసే మనిషి వాడు. డాక్టరు మంచివాడే, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. "ఇది పోయే జబ్బు కాదండీ. తన తీరే అది. సాయం తొందరగా మొదలుపెడితే తన దారిలో తను చాలా నేర్చుకుంటుంది." ఆ సాయం కోసం పిల్లల కేంద్రంలో పేరు రాయించమన్నాడు. అక్కడివాళ్లు పాపని ఒక పూట చూస్తారు, తల్లిని ప్రశ్నలడుగుతారు, దాన్నిబట్టి వారానికి ఎన్నిసార్లు థెరపీ ఇవ్వాలో, ప్రీస్కూల్లో పాప పక్కనే ఉండటానికి ప్రత్యేకంగా ఒక టీచరుని ఇవ్వాలో లేదో తేలుస్తారు. పేరు రాయించాం. ఏడు నెలలకి పిలుపు వచ్చింది, ఇంకో ఆరు వారాల్లో రమ్మని.

ఇక్కడే నా తెలివి మొదలైంది.

మా దగ్గరికి వచ్చే ఒకావిడ కొడుకుని అదే కేంద్రంలో చూశారని తెలిసింది. ఆమె కోటు చేతిలోనే పట్టుకుని, ఇవ్వకుండా, మొత్తం రాబట్టాను. బ్లాకులు పేర్చమంటారట. బొమ్మల అట్టలు పెట్టి కుక్క ఏది, కప్పు ఏది అని చూపించమంటారట. పేరు పెట్టి పిలిస్తే తిరిగిందా లేదా చూస్తారట. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. "కానీ మీరు అక్కడ..." అంటుండగానే "అర్థమైందిలెండి" అని కోటు చేతిలో పెట్టేశాను. ఆ మాట పూర్తిగా విని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకుంటాను.

నా దృష్టిలో పరీక్ష అంటే పరీక్షే. బాగా చేసినవాళ్లకి సీటు, చేయనివాళ్లకి మొండిచెయ్యి. "ఆరు వారాలుంది. తయారు చేద్దాం" అన్నాను.

మరదలు చేతిలో సూది దించి అంది. "వదినా, రానిది రాదనే చెబుదామా?"

"బాగుంది! నీ దగ్గరికి వచ్చిన కోటుని చిరుగుతోనే తిరిగిస్తావా?"

అంతే. ఆ మాట ఆమెకి తగలాల్సిన చోట తగిలింది. మర్నాటి నుంచి రఫ్ఫుకి కూర్చున్నట్టే కూర్చుంది. అట్టముక్కల మీద కుక్క, కప్పు, చెప్పు బొమ్మలు అంటించి, బుస్సీ వేలు తన వేలితో పట్టుకుని ఒక్కో బొమ్మ మీదా పెట్టించింది. రోజుకి వందసార్లు, విసుగనేదే లేకుండా. పేరు పిలిస్తే తిరగడం మాత్రం ససేమిరా కుదరలేదు. దానికి ఉపాయం నాదే. మరదలు ప్రెస్సు పక్కన నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది, అదే క్షణంలో నేను పెడల్ తొక్కుతాను. బుస్సుమనగానే పాప గిరుక్కున తిరిగేది, వాళ్లమ్మ వైపు. వెంటనే మరదలు ఒక రొట్టెముక్క ఇచ్చేది. నాలుగు వారాలకి పెడల్ తొక్కకపోయినా తిరగడం వచ్చేసింది. ఆ రోజు నేను ఎగిరి గంతేశాను. మరదలు పాపని ఎత్తుకుని మెడ మీద ముద్దు పెట్టుకుంది. అది మొహం అవతలికి తిప్పుకుని "స్స్స్" అంది.

కేంద్రంలో గది శుభ్రంగా ఉంది, నేల మీద నీలం రంగు పరుపు. కళ్లద్దాలావిడ ఒకరు పాప ఎదుట కూర్చుని బ్లాకులు పెట్టారు. బుస్సీ ఆరు పేర్చింది. కుక్కని చూపించింది, కప్పుని చూపించింది. చివరికి కళ్లద్దాలావిడ పక్కకి వెళ్లి పేరు పెట్టి పిలిచారు. తిరిగింది. కానీ తిరిగిన పిల్ల ఆవిడని చూడలేదు. ఆవిడ భుజం మీదుగా, గోడ వైపు, దేనికోసమో చూసింది. అది నాకు కనబడింది. నేను నోరు విప్పలేదు.

తర్వాత మరదలిని అడిగారు. "తనే తింటుందా అండీ?"

"తింటుంది."

"కొత్తవాళ్ల దగ్గర ఉంటుందా?"

"ఉంటుంది."

"చేయి వదిలేసి పరిగెత్తడం, కొరుక్కోవడం లాంటివి?"

మరదలు నా వైపు చూసింది. నేను కళ్లతోనే ఉరిమాను. "లేవండి" అంది.

బయటికి వచ్చి మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. "గెలిచాం పో!" అని ఆమె వీపు మీద ఒక్కటి చరిచాను. ఆమె నవ్వింది, బట్ట చేతిలో పెట్టి వెతకండి అన్నాక వచ్చే అదే నవ్వు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పాపకి మామూలు తరగతి సరిపోతుంది, పక్కన టీచరు అవసరం లేదు, నెలకి ఒక అరగంట థెరపీ, మళ్లీ చూడటం ఏడాది తర్వాత. తమ్ముడు రెండుసార్లు చదివి, "అక్కా, మనం పాసయ్యామా, ఫెయిలయ్యామా?" అని అడిగాడు.

ప్రీస్కూల్లో ఇరవై రెండుమంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. మొదటి రోజు గంట కొట్టగానే బుస్సీ బల్ల కిందికి దూరి, మణికట్టు కొరుక్కుని, పంటి గాట్లతో ఇంటికొచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి పది గంటలకల్లా ఫోను వచ్చేది. మరదలు కాలరుకి గుచ్చిన సూది గుచ్చినట్టే పరిగెత్తేది. ఆమె బల్ల మీద పనులు పేరుకుపోయాయి. నేను కౌంటరులో జనానికి సర్దిచెప్పలేక, ఉన్న కోపమంతా హ్యాంగర్ల మీద చూపించేదాన్ని.

ఆ టీచరుని తప్పు పట్టలేం. ఆమె ఒకరోజు మమ్మల్ని పక్కకి పిలిచి ఉత్తరం నకలు చూపించింది. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "కొత్తవాళ్ల దగ్గర ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది, కొరుక్కోదు అని రాసుందండీ ఇందులో. ఈ కాగితంలో ఉన్న పాప ఎవరు? ఆ పాప ఒక్కరోజు కూడా నా తరగతికి రాలేదు."

మరదలు నేల చూపులు చూసింది. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నెల తిరక్కుండానే ఆ రోజు వచ్చింది. పాల వ్యాను వచ్చిందని బడి గేటు తెరిచారు. ఆయా వాంతి చేసుకున్న ఇంకో పిల్లాడిని కడుగుతోంది, టీచరు బోర్డు దగ్గర ఉంది. బుస్సీ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయింది. గేటు పక్కనే బస్సు స్టాపు. ఆగి ఉన్న బస్సు ముందు చక్రం దగ్గర, టైరు మీద చేయి వేసి, కింద కూర్చుంది. డ్రైవరు బస్సు కదిలించబోతూ అద్దంలో చూస్తే ఒక చిన్న చెప్పు కనబడిందట.

మేం వెళ్లేసరికి డ్రైవరు పేవ్‌మెంటు మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, మీసాలు తెల్లబడ్డవాడు. "ఆ చెప్పు కనబడబట్టి సరిపోయిందమ్మా" అని ఒకటికి పదిసార్లు అన్నాడు. "ఎంత లాగినా రాలేదమ్మా. బస్సు ఖాళీ చేయిస్తుంటే తలుపు దగ్గరే నిలబడి, దిగే ప్రతివాళ్ల మొహమూ చూసింది." మా బుస్సీ మొహాలు చూడటమేమిటి అనుకున్నాను. నాకు పై ప్రాణాలు పైనే పోయి ఉన్నాయి, ఆ మాట మీద మనసు నిలవలేదు. అంతలో వెనక ఇంకో బస్సు వచ్చి ఆగి, తలుపు బుస్సుమని తెరుచుకుంది. ఆ శబ్దం విన్నాక మాత్రం నిలువునా నీరైపోయాను. బుస్ అంటే తిరగమని ఆరు వారాలు నేర్పింది ఎవరు? ఈ పాడు కాలితో పెడల్ తొక్కింది ఎవరు?

దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చాను. మరదలు ఏడవలేదు. పాపని ఎంత గట్టిగా పట్టుకుందంటే అది విడిపించుకోవడానికి పెనుగులాడింది, అయినా వదల్లేదు.

పక్కన మనిషి లేకుండా ఇక రానివ్వలేమని బడివాళ్లు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని కేంద్రానికి వెళ్తే, ఏడాది ఆగకుండా మళ్లీ చూడటానికి ఒప్పుకున్నారు. అదే గది, అదే కళ్లద్దాలావిడ. ఆవిడ మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "చాలామంది ఇలాగే చేస్తారండీ, పిల్లలు బాగున్నారని చూపించుకోవాలని ఉంటుంది కదా. ఈసారి పాపతో ఏమీ చేయించను. తనకి ఏం రాదో, ఏది కష్టమో మీరు చెప్పండి, నేను రాసుకుంటాను."

నేను అందుకోబోయాను. ఆవిడ చెయ్యెత్తి, "తల్లి చెప్పాలండీ" అన్నారు.

"పాప వింటుంది" అంది మరదలు. బుస్సీ పరుపు మీద బోర్లా పడుకుని నేలకి చెంప ఆనించి ఉంది.

"తనకి ఇవన్నీ అర్థం కాకపోవచ్చు."

"అర్థం కాదని ఎవరు చెప్పారు?" అంది మరదలు. ఆమె గొంతు అంత గట్టిగా లేవడం నేను ఎప్పుడూ వినలేదు. పాపని బయటికి తీసుకెళ్దామని నేను ఎత్తబోయాను. అది పరుపుని పట్టుకుని కెవ్వుమంది. ఇక చేసేదేం లేక, మరదలు కూతురి పక్కన నేల మీదే కూర్చుని, దాని వీపు మీద చేయి వేసి, చెప్పడం మొదలుపెట్టింది.

పిలిస్తే పలకదు, తిరిగేలా మేమే అలవాటు చేశాం. కుక్క బొమ్మ చూపిస్తుంది గానీ కుక్క ఎదురైతే చూపించదు. బల్ల కిందికి వెళ్తే గంటన్నర రాదు. మణికట్టు మీద పాత గాట్లు మానకముందే కొత్తవి పడతాయి. తలంటితే నన్ను కొడుతుంది, ఒకసారి నా పన్ను కదిలింది. పక్కింటివాళ్లు పుట్టినరోజులకి పిలవడం మానేశారు. ఇరవై మూడు నెలలప్పుడు అమ్మా అంది, ఆ తర్వాత అనలేదు.

ఒకే ఇంట్లో ఉంటున్నాను నేను. పన్ను సంగతి నాకు తెలియదు. కింద బల్లకి తగిలిందని చెప్పింది నాతో. ఎనిమిదేళ్లలో మాట్లాడనిదంతా ఆమె ఆ గదిలో మాట్లాడుతుంటే చున్నీ నోట్లో కుక్కుకున్నాను. కళ్లద్దాలావిడ కలం ఆగకుండా నడుస్తోంది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?"

మరదలు పాప వీపు మీద చేయి తీయలేదు.

"నేను వెళ్లిపోతే వెతకదు" అంది. "వేరే పిల్లలు ఏడుస్తారు కదండీ, అమ్మ ఏదీ అని. ఇది ఒక్కసారి కూడా వెతకలేదు. ఒకవేళ నేను రాకపోయినా దానికి తెలియదేమో."

అప్పుడు ఏడ్చింది. కళ్లద్దాలావిడ ఆ లైను కూడా రాసి, కాగితం తిప్పి ముందు పెట్టారు. అన్నిటికన్నా చివర 'తల్లిని వెతకదు' అని ఉంది. మరదలు దాని కింద సంతకం పెట్టింది.

పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. బడిలో రోజంతా పక్కన టీచరు, వారానికి మూడుసార్లు థెరపీ. అడిగినదంతా ఇచ్చారు. మా ఇంట్లో ఎవరూ గెలిచాం అనలేదు. తమ్ముడు ఆ పూట పనికి వెళ్లకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు.

థెరపీ అమ్మాయి చిన్నది, ఇరవై అయిదు కూడా ఉండవు. పాపతో ఏమీ చేయించదు, ముందు ఊరికే చూస్తుంది. మొదటి రెండు వారాలూ మరదలిని లోపల కూర్చోబెట్టుకుంది. మూడో వారం బయటికి పంపి, తర్వాత మా ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"మీరు బయటికి వెళ్లాక ఏం చేస్తోందో చూస్తారా?" అని ఫోనులో తీసింది చూపించింది. ఆ గది తలుపు పైన ఒక గొట్టం లాంటిది ఉంది, తలుపు దానంతట అదే మూసుకునేప్పుడు అది బుస్సుమంటుంది. మరదలు వెళ్లింది, తలుపు మూసుకుంది. పాప ఆడుకుంటున్నది వదిలేసి, లేచి, తలుపు దగ్గరికి వెళ్లి దానికెదురుగా కూర్చుంది. పెదాలు బిగించి "స్స్స్" అంది. మధ్యలో ఎవరో లోపలికొస్తే తలెత్తి ఆ మనిషి మొహంలోకి చూసి, మళ్లీ తలుపు వైపు తిరిగింది. అరగంట అలాగే ఉంది.

"ఈ వారం మూడుసార్లూ ఇంతే" అంది ఆ అమ్మాయి. "మీరుండే చోట ఇలాంటి శబ్దం ఏదైనా ఉందా?"

ప్రెస్సు గురించి నేనే చెప్పాను. పుట్టినప్పటి నుంచి దాని పక్కనే వాళ్లమ్మ బల్ల ఉందని, పేరు పిలిచి పెడల్ తొక్కేవాళ్లమని, తిరిగితే వాళ్లమ్మ కనబడేదని, అన్నీ.

"అయితే ఆ శబ్దం ఉన్న చోట అమ్మ ఉంటుందని తనకి తెలుసు. మీరు కనబడకపోతే శబ్దం దగ్గరికి వెళ్లి ఎదురుచూస్తోంది. ఇది వెతకడమేనండీ."

మరదలు ఫోను వైపే చూస్తోంది. "బస్సు..." అంది.

నాకు ఆ డ్రైవరు మాట చెవిలో గింగురుమంది. దిగే ప్రతివాళ్ల మొహమూ చూసింది. అయ్యో నా తల్లీ, బల్ల కింద కూర్చుని కూర్చుని, ఎక్కడో బుస్సుమంటే, అమ్మ అక్కడుందని వెళ్లావా? చక్రం దగ్గర కూర్చుంటే అమ్మ దిగుతుందనుకున్నావా? ఇంట్లో అందరం కలిసి నువ్వు వెతకవని సంతకం పెట్టి వచ్చామే! అంత బిడ్డ దగ్గర అంత ప్రేమ పెట్టుకుని, దాన్ని చూడటం చేతగాని మమ్మల్ని ఏమనాలి?

మరదలు లేచి గబగబా ఆఫీసు గది వైపు నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. గుమస్తా ఫైలు తీశాడు. "ఇందులో ఒక లైను కొట్టేయాలి" అంది ఆమె, వేలు పెట్టి చూపించి. "ఇది అబద్ధం."

గుమస్తా చదివి తల గోక్కున్నాడు. "కొట్టేయొచ్చమ్మా. ఒక కాగితం నింపండి. కాకపోతే లైను మారితే మళ్లీ మొత్తం మొదటి నుంచి చూస్తారు. గంటలు మారొచ్చు, బడిలో మనిషి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేను చెప్పలేను." కాగితం, కలం ఆమె ముందు పెట్టాడు.

ఆమె నా వైపు చూసింది. ఈసారి నేను కళ్లతో కూడా ఏమీ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను?

కలం చేత్తో పట్టుకుని నిలబడింది. వరండాలో థెరపీ అమ్మాయి బుస్సీ చేయి పట్టుకుని తీసుకొస్తోంది. మణికట్టు మీద గాట్లు మానుతున్నాయి, వారం రోజులుగా కొత్తవి లేవు. మరదలు అది చూసింది. కలం కింద పెట్టేసింది.

"ఉండనివ్వండి" అంది.

ఏడాదిన్నర అయింది ఇది జరిగి. బుస్సీ ఇప్పుడు బల్ల కింద కూర్చోదు. రొట్టె కావాలంటే రొట్టె బొమ్మ తెచ్చి చేతిలో పెడుతుంది. కాగితాలు తిరగరాసే ప్రతిసారీ మరదలు చివరి లైనులో 'తల్లిని వెతకదు' అని చదివి, కింద సంతకం పెట్టి వస్తుంది. మా మరదలు అబద్ధానికి పెట్టిన సంతకాలు అవి. అవి ఉన్నంతకాలం పాప పక్కన మనిషి ఉంటుంది.

రఫ్ఫు చేసిన బట్టని ఇప్పుడు ఊరికే మడతపెట్టి ఇచ్చేస్తుంది, వెతకమని ఎవరితోనూ అనడం లేదు. పాత ఖాతాదారులు అడుగుతారు, "ఏమ్మా, వెతకండి అనవేం?" అని. ఆమె వినబడనట్టు ఊరుకుంటుంది. పొద్దున పది గంటలకి మా దుకాణం ముందు బస్సు ఆగి, తలుపు బుస్సుమంటూ తెరుచుకుంటుంది. పాప అప్పుడు బడిలోనే ఉంటుందని, పక్కన టీచరు ఉందని ఆమెకి తెలుసు. అయినా సూది ఆపి, చివరి మనిషి దిగేదాకా ఆ తలుపు వైపే చూస్తుంది. నేను చూడలేక కౌంటరు వైపు తిరిగి, ఎదురుగా ఎవరుంటే వాళ్లని ఏదో ఒకటి అనడం మొదలుపెడతాను.